అమ్మ చెవిలో దూది

ఈ ఇద్దరి పేర్లూ కల్పితం. మాటలు మాత్రం మన ఇళ్లలోవే. శారద తెనాలిలో సైన్సు టీచరుగా చేసి రిటైరైంది. సునీత ఆమె తమ్ముడి భార్య. మియాపూర్‌లో ఉంటుంది, ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్లు చూస్తుంది. కొడుకు అభికి ఆరేళ్లు. చప్పుళ్లు, వెలుతురు, వాసనలు, ఒంటికి రాసుకునే గుడ్డ, నోట్లో ముద్ద మెత్తదనం, ఇవన్నీ మనకి తగిలినంతలో ఆగవు వాడికి. మాఘమాసంలో శారద కూతురు స్వాతి పెళ్లి. పిలుపులకి హైదరాబాద్ వచ్చి తమ్ముడింట్లో దిగిన ఆడపడుచుకీ, మరదలికీ మధ్య నడిచిన వాదన ఇది. ఇద్దరూ ఆ పిల్లాడి మేలు కోరేవాళ్లే. ఇద్దరి మాటా పూర్తిగా వినాలని నా కోరిక.

శారద: పొద్దుటి నుంచీ అడుగుదామా వద్దా అనుకుంటున్నాను. బాత్రూం ముందు అభి గుక్కపట్టి ఏడుస్తుంటే నువ్వు వాడి పక్కనే కూర్చుని చెవుల్లో ఏదో దోపుకున్నావు. ఏంటవి?

సునీత: ఇయర్‌ప్లగ్గులు వదినా. స్పాంజివి, మందుల షాపులో దొరుకుతాయి.

శారద: ఇన్నేళ్లు బళ్లో పనిచేశాను. ఏడ్చే పిల్లల్ని చూశాను, విసుక్కునే తల్లుల్నీ చూశాను. బిడ్డ ఏడుస్తుంటే చెవుల్లో దూది పెట్టుకున్న తల్లిని మాత్రం చూళ్లేదు.

సునీత: అవి పెట్టుకున్నా వాడి ఏడుపు వినబడుతుంది వదినా, మాటా వినబడుతుంది. చెవిలో దిగబడే ఆ పదును ఒక్కటి తగ్గుతుంది. అవి లేకపోతే ఏమవుతుందో చెబుతాను. కాసేపటికి నా చేతులు వణుకుతాయి. ఇంకాసేపటికి నేనూ అరుస్తాను. నేనరిస్తే వాడు బెదిరిపోతాడు, పది నిమిషాల్లో ఆగాల్సిన ఏడుపు గంట పడుతుంది. ఆ సమయంలో వాడికి కావాల్సింది తొణక్కుండా పక్కన కూర్చునే మనిషి. నేను ఆ మనిషిగా ఉండాలంటే నాకు ఆ రెండు స్పాంజి ముక్కలు కావాలి.

శారద: అంటే ముందు నీ సుఖం, తర్వాత వాడి ఏడుపు.

సునీత: రెండూ ఒకటే పని. చిన్నపిల్లలు తమంతట తాము నెమ్మదించలేరు. పక్కనున్న పెద్దవాళ్ల గొంతు, ఊపిరి, చేతి పట్టు చూసి నెమ్మదిస్తారు. చంటిబిడ్డని భుజాన వేసుకుని నిమిరితే నిద్రపోవడం లేదూ? అభికి ఆరేళ్లొచ్చినా అది ఇంకా కావాలి. నా గుండె దడదడలాడుతుంటే నా ఒళ్లో వాడెలా కుదుటపడతాడు?

శారద: అసలు దేనికేడ్చాడు? బకెట్‌లో నీళ్లు పడుతున్నాయని!

సునీత: చూసేవాళ్లకి చివరిది ఒక్కటే కనబడుతుంది. రాత్రి శుభలేఖలు చూడ్డానికి వచ్చినవాళ్ల సందడికి వాడు ఆలస్యంగా పడుకున్నాడు. పొద్దున బాత్రూంలో కొత్త సబ్బు వాసన. ఆ పైన ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్ల మోత. ఏదో ఒక్కటైతే ఓర్చుకుంటాడు, మూడూ ఒకేసారి మీద పడితే వాడి వల్ల కాదు. మనం చూసింది నీళ్లొక్కటే కాబట్టి, నీళ్లకే ఏడుస్తాడా అంటాం.

శారద: ఆ సబ్బు నేను తెచ్చిందే. సరే, దాచిపెట్టు. కానీ ఒకటి అడుగుతాను, సైన్సు టీచర్‌గానే అడుగుతున్నాను. కుక్కర్ కూత వేస్తే చెవులు మూసుకుని బాల్కనీలోకి పరిగెడతాడు. అదే పిల్లాడు నిన్న మధ్యాహ్నం స్టీలు పళ్లాన్ని గరిటెతో వాయిస్తూనే ఉన్నాడు. నాకు తలనొప్పి వచ్చింది, వాడికి రాలేదు. తను చేస్తే బాగుంటుంది, ఎదుటివాళ్లు చేస్తే బాగోదు. మా బళ్లో దీన్ని పెంకితనం అనేవాళ్లం.

సునీత: చాలామంది ఇదే అడుగుతారు. మన చేత్తో మనం చేసే చప్పుడు రాబోతోందని మెదడుకి ముందే తెలుసు. అందుకని దాన్ని కాస్త తగ్గించి తీసుకుంటుంది. మన చక్కిలిగిలి మనకి తెలియకపోవడానికీ కారణం అదే. ఎవరో చేసే చప్పుడు, అదీ ఎప్పుడొస్తుందో తెలియనిది, పూర్తి బలంతో వచ్చి తగుల్తుంది. అది పట్టుకునే మిక్సీ స్విచ్ వాడి చేతికిచ్చాను. పల్లీ చట్నీ చేసేటప్పుడు వాణ్ని పిలుస్తాను. నేను మూత నొక్కి పట్టుకుంటాను. వాడు స్టూల్ ఎక్కి, ఒకటి రెండు మూడు అని లెక్కబెట్టి మీట తిప్పుతాడు. మొహం ముడుచుకుంటాడు, భుజాలు పైకి లేపుతాడు, కానీ పారిపోడు. మళ్లీ మూడు లెక్కబెట్టి ఆపుతాడు. మూత తీసి చూసి, ఇంకా పలుకులున్నాయమ్మా అంటాడు. పక్కగదిలోంచి మిక్సీ వినబడితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చే పిల్లాడే వదినా. కుక్కర్‌తో ఆ వీలు లేదు, అది ఎప్పుడు కూస్తుందో నాకే తెలీదు. వాడు బడికెళ్లాకే కుక్కర్ పెడుతున్నాను.

శారద: ఇంట్లో వంట కూడా వాడి చెవుల్ని బట్టే అన్నమాట.

సునీత: నిరుడు మీకు శుక్లం ఆపరేషన్ అయింది. కొన్నాళ్లపాటు ఎండలోకి రాగానే కళ్లు జిగేలుమని నీళ్లు కారేవి. డాక్టరు నల్ల కళ్లజోడిచ్చాడు, మనం పగలంతా కర్టెన్లు వేశాం. అందరికీ ఆగే ఎండ మీకెందుకాగదని ఎవరూ అనలేదు. అభికి చెవిలో, చర్మం మీద అలాగే ఉంటుంది. కనబడే కట్టు లేదు కాబట్టి వాడి మాట ఎవరూ నమ్మరు.

శారద: అది ఆపరేషన్ చేసిన కన్ను. సరే, దీనికి డాక్టర్లేం పేరు పెట్టారు?

సునీత: ముందు చెవి డాక్టరుకి చూపించాం, వినికిడి సరిగ్గానే ఉంది. తర్వాత పిల్లల ఎదుగుదల చూసే డాక్టరు. ఆటిజం కోణంలో చూశారు, ప్రస్తుతానికి కాదన్నారు, ఏడాదికోసారి తీసుకురమ్మన్నారు. సెన్సరీ, అంటే ఇంద్రియాలకి సంబంధించిన ఇబ్బందులని రాసిచ్చారు.

శారద: నేనూ చదివాను. అది డాక్టర్ల పుస్తకంలో విడిగా ఒక జబ్బే కాదట.

సునీత: కాదు, మీరన్నది నిజమే. అమెరికాలో మానసిక వైద్యులు వాడే డీఎస్ఎం-5, 2013లో వచ్చింది. చప్పుడుకీ స్పర్శకీ వెలుతురుకీ అతిగానో, మరీ తక్కువగానో స్పందించడాన్ని ఆటిజం లక్షణాల్లో చేర్చింది. అదొక్కటే విడిగా ఉంటే దానికంటూ పేరు పెట్టలేదు. అంతకు ముందు ఏడాదే అక్కడి పిల్లల డాక్టర్ల అకాడమీ, సెన్సరీ సమస్య అని ఒక్క మాట రాసి ఊరుకోవద్దు, వెనకాల ఆటిజమో, ధ్యాస నిలవని ఏడీహెచ్‌డీనో, ఆందోళనో ఉందేమో చూడండని చెప్పింది.

శారద: మరి పేరు లేనిదానికి నెలనెలా ఆ సెన్సరీ థెరపీకి అంత పోస్తున్నారేం? తమ్ముడి జీతం, నీ జీతం నాకు తెలియనివి కావుగా.

సునీత: ఆ అకాడమీయే ఇంకో మాటా అంది. ఈ థెరపీకి ఉన్న ఆధారాలు పరిమితమని తల్లిదండ్రులకి చెప్పాలంది. ఏ మార్పు కోసం పంపుతున్నామో ముందే అనుకుని, అది వస్తోందో లేదో గమనించుకోవాలంది. మేమూ అలాగే రెండే అనుకున్నాం. మేజోళ్లు వేసుకుని బడికెళ్లాలి, జుట్టు కత్తిరించుకోనివ్వాలి. మొదటిది కుదిరింది. మేజోళ్లు తిరగేసి తొడుగుతాను, లోపలి కుట్టు బయటికొస్తుంది, వేళ్లకి రాసుకోదు. బళ్లో టీచరుకి ముందే చెప్పాను, ఆవిడ ఏమీ అనలేదు. జుట్టు మాత్రం ఇంకా ఇంట్లోనే, రోజుకి కాస్త కాస్త. సెలూన్లో మెడకి బిగించే గుడ్డ, పిచికారీ నీళ్లు, ట్రిమ్మర్ గుర్రుమనడం వాడి వల్ల కాదు. ఆ థెరపీ ఆవిడ మాకు నేర్పినవన్నీ ఇంట్లో చేసేవే. అందుకే ఇప్పుడు వారం వారం వెళ్లడం మానేశాం, నెలకోసారి వెళ్తున్నాం.

శారద: ఇప్పుడు నా మాట విను. ఈ థెరపీ శాస్త్రం ఎవరిది, ఎప్పటిది?

సునీత: జీన్ అయర్స్ అనే అమెరికా థెరపిస్టుది. 1972లో పుస్తకం రాసింది. ఐదు ఇంద్రియాలతో పాటు ఒంటి తూకం తెలిపే జ్ఞానం లోపలి చెవిలోనూ, కీళ్లూ కండరాల పట్టు తెలిపే జ్ఞానం ఒంట్లోనూ ఉంటాయి కదా. వాటికి పని తగిలితే పిల్లలు కుదురుగా ఉంటారన్నది ఆవిడ ఆలోచన. ఊగడం, బరువులు మోయడం, గట్టిగా అదుముకోవడం.

శారద: అది మా నాయనమ్మ ఇల్లు! వసారాలో ఉయ్యాల బల్ల. పొద్దున్నే బావి నుంచి చెరో చిన్న బిందె. వేసంగిలో మామిడికాయ ముక్కలు ఆరబెట్టడం, పిండి దంచితే పక్కన కూర్చుని జల్లించడం. రాత్రి పాత చీరలతో కుట్టిన బొంత, అదీ మా బరువంత ఉండేది. ఆదివారం నలుగు పెట్టి ఒళ్లంతా రుద్ది తలంటేది. ఇప్పుడు వాటికే ఇంగ్లీషు పేర్లు పెట్టి గంటకింత అంటున్నారు. ఆ ఇంట్లో అభి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

సునీత: సగం ఒప్పుకుంటాను. ఉయ్యాల మేమూ వేశాం, చూశారుగా. సాయంత్రం బడి నుంచి రాగానే కాసేపు ఊగితే వాడి మాట తీరే మారుతుంది. కూరగాయల సంచీ వాడే మోస్తాడు. కానీ తలంటు? కుంకుడు రసం, చేతులు పట్టుకుని వంచడం, కళ్లల్లో మంట... ఆ ఇంట్లోనూ ఒక పిల్లాడు దానికి పెరడంతా పరిగెత్తి ఉంటాడు వదినా. అందరూ నవ్వి ఉంటారు.

శారద: మా చిన్నాన్న కొడుకు. అటక మీద దాక్కునేవాడు. కాళ్లు పట్టి లాక్కొచ్చేవాళ్లం.

సునీత: ఇప్పుడెలా ఉన్నాడు?

శారద: ఉన్నాడు, విజయవాడలో. పెళ్లిళ్లకి రాడు. భార్య ఒక్కతే వస్తుంది. పొగరనుకునేవాళ్లం.

సునీత: ఆ బొంత సంగతి కూడా ఒకటి చెప్పాలి. బరువు దుప్పట్లతో ఆటిజం ఉన్న పిల్లలకి నిద్ర పెరుగుతుందా అని బ్రిటన్‌లో పరీక్షించి 2014లో ఫలితం చెప్పారు. నిద్ర పెరగలేదు. కానీ పిల్లలకీ తల్లిదండ్రులకీ ఆ దుప్పటే నచ్చింది. అభికీ అంతే. మీరు తెచ్చిన బొంత కింద వాడు ఎక్కువసేపేం పడుకోడు, కానీ పోట్లాడకుండా పడుకుంటాడు. నాకది చాలు. పసికందులకి మాత్రం అలాంటి బరువు కప్పకూడదు, అది గుర్తుంచుకోవాలి.

శారద: మరి ఒప్పుకున్నట్టేగా. మాకు థెరపీలు లేవు, చెవుల్లో దూదుల్లేవు, 'నాకు కాస్త టైం కావాలి' అనడాలు లేవు. పిల్లలు పెరిగారు. తల్లి అన్నాక ఓర్చుకోవాలి. సాయంత్రం తమ్ముడు రాగానే పిల్లాణ్ని వాడికి వదిలేసి నువ్వు పార్కుకి వెళ్లిపోతున్నావు. ఆఫీసు నుంచి అలిసి వచ్చిన మనిషి!

సునీత: నేనూ ఆఫీసు నుంచే వస్తాను వదినా.

శారద: కాదనను. కానీ ఆ గంట వాడికి నువ్వే కావాలి. నేను చూశాను, గుమ్మం దాకా వస్తాడు నీ వెనక.

సునీత: మీ అమ్మగారు అంత పెద్ద ఇల్లు ఎలా నెట్టుకొచ్చారు? ఎప్పుడూ విసుక్కోలేదా?

శారద: అమ్మా? అమ్మ విసుక్కోవడం నాకు గుర్తులేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెరట్లో బావి పక్కన నాపరాయి బండ ఉండేది, దాని మీద కూర్చునేది. ఊరికే కూర్చునేది. ఒక్కోసారి వక్కలు కత్తిరించుకుంటూ. ఆ పూట మమ్మల్ని అటు వెళ్లనిచ్చేది కాదు నాయనమ్మ. పెరటి గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చునేది. 'మీ అమ్మని కాసేపు వదలండర్రా' అని అదిలించేది.

సునీత: వదినా...

శారద: తెలుసు, నువ్వేమంటావో.

సునీత: అంటాను, వినండి. నాకు పార్కే ఆ బండ. ఆ గుమ్మానికి అడ్డంగా కూర్చునే మనిషే నాకు లేదు. మీ తమ్ముడు కూర్చుంటున్నారు, అదీ ఈ మధ్యే. అంతవరకూ నేను ఎలా ఉన్నానో మీకు తెలీదు. రాత్రి వాడు మూడుసార్లు లేస్తే నేను మూడుసార్లూ లేచి, పొద్దున్నే లాప్‌టాప్ ముందు కూర్చునేదాన్ని. లిఫ్ట్ తలుపు మోగినా నా ఒళ్లు ఉలిక్కిపడేది, ఇప్పుడు వాడేడుస్తాడని. వాడు బళ్లో ఉన్నా ఉలిక్కిపడేదాన్ని. బీపీ మాత్ర మొదలైంది. ఒకరోజు ఆఫీసు బాత్రూంలో కూర్చుని టెలీ మానస్‌కి, 14416కి ఫోన్ చేశాను. ప్రభుత్వానిది, 2022లో పెట్టారు, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ అవతలి అమ్మాయి ఓర్పుగా ఉండండని అనలేదు. రాత్రి నిద్ర ఎన్ని గంటలు, ఇంట్లో ఇంకెవరున్నారు అని అడిగింది. ఆ ప్రశ్న మన బంధువుల్లో ఒక్కరూ అడగలేదు.

శారద: నాకెందుకు చెప్పలేదు?

సునీత: చెబితే నేను తల్లిని కాననుకుంటారేమోనని. ఇంకో సంగతి కూడా ఉంది. చిన్నప్పుడు బడి గంట మోగితే నేనూ బల్ల కింద తల దూర్చేదాన్ని. ఉన్ని స్వెట్టర్ వేస్తే ఒళ్లంతా గీరుకునేదాన్ని. మా అమ్మ దాన్ని గారాబం అనేది. అభిని చూపించిన రోజు డాక్టరుగారు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, తల్లిదండ్రుల్లోనూ ఉండటం మామూలేనన్నారు. అప్పుడు తెలిసింది. వాడి ఏడుపు మీకు ఏడుపులా వినబడుతుంది. నాకు పళ్లు జివ్వుమంటాయి. చప్పుడు పడని తల్లికి చప్పుడు పడని బిడ్డ పుట్టి, ఆ బిడ్డే ఇంట్లో అన్నిటికన్నా పెద్ద చప్పుడైతే, చెవుల్లో ఆ మాత్రం పెట్టుకోనా?

శారద: ఈ మాట ముందే చెప్పాల్సింది.

సునీత: పిల్లల ఎదుగుదల సమస్యలున్న ఇళ్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ తల్లిదండ్రులకి శిక్షణ తయారు చేసింది. పిల్లలతో ఆడటం, మాట్లాడించడంతో పాటు, చూసుకునేవాళ్లు తమ ఆరోగ్యాన్ని ఎలా కాపాడుకోవాలో కూడా అందులో పాఠమే. అది సరదాకి చేర్చింది కాదు. నేను పడిపోతే వాడికి మేజోళ్లు తిరగేసి తొడిగేవాళ్లెవరు?

శారద: సరే. నువ్వు అలిసిపోయావు, నీకు విశ్రాంతి కావాలి, ఒప్పుకున్నాను. మరి నేను వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, వాణ్ని నా చేతికి ఒక్క పూట ఇచ్చావా? అన్నం నేను పెడతానంటే వద్దన్నావు. వీధిలోకి తీసుకెళ్తానంటే వద్దన్నావు. వాడికి పడనివి నాకు తెలీవంటావు. తెలీకపోతే చెప్పు, నేర్చుకుంటాను. పిల్లలకి పాఠాలు చెప్పి బతికినదాన్ని, నాకు పాఠం ఎక్కదా? ఎవరినీ గుమ్మం దాకా రానివ్వకుండా, కాపలా కాసేవాళ్లు లేరంటే ఎలా?

సునీత: పోయినసారి పండక్కి వచ్చిన ఒకావిడ వాణ్ని ఎత్తుకుని బుగ్గలు పిండింది. ఆ రాత్రంతా నేను మేలుకున్నాను. ఇచ్చినప్పుడల్లా ఖర్చు నేనే కట్టుకోవాల్సి వచ్చింది వదినా.

శారద: ఆవిడ నేను కాదుగా.

సునీత: కాదు. సరే, అయితే వినండి. వాణ్ని ముట్టుకునే ముందు చెప్పండి. తేలిగ్గా నిమరకండి, అది వాడికి గొంగళిపురుగు పాకినట్టుంటుంది. గట్టిగా, నిలకడగా పట్టుకుంటే ఒప్పుకుంటాడు. ఏడ్చేటప్పుడు ఏమైంది, ఎందుకు అని అడగొద్దు. ఆ సమయంలో మాట కూడా ఒక చప్పుడే. టీవీ, ఫ్యాను ఆపేసి, పక్కన కూర్చోండి చాలు. పెరుగన్నంలో దానిమ్మ గింజలు వెయ్యకండి. మెత్తటి దాంట్లో గట్టిది తగిలితే మొత్తం కక్కేస్తాడు. సెంటు రాసుకోకండి. ఇంగువ తాలింపు పెట్టేటప్పుడు వంటింటి తలుపు వెయ్యండి.

శారద: ఇంగువ లేకుండా పప్పేంటమ్మా... సరే, తలుపేస్తాను. ఇక పెళ్లి సంగతి. మీరిద్దరూ వంతులేసుకుని లాడ్జి గదిలో కూర్చుంటామని తమ్ముడు చెప్పాడు. అది నాకు మింగుడు పడలేదు. స్వాతికి ఒక్కగానొక్క మేనమామ. బుట్టలో పిల్లని తెచ్చేది వాడు.

సునీత: బుట్ట తెచ్చేది ఆయనే, అందులో రెండో మాట లేదు. ఆ సేపు అభి దగ్గర నేనుంటాను. జీలకర్ర బెల్లం అయ్యాక ఆయన గదికెళ్తారు, నేను మండపంలోకి వస్తాను. గట్టిమేళం, తలంబ్రాలు నేను చూస్తాను. అభి పుట్టాక నేను ఏ పెళ్లిలోనూ తలంబ్రాల దాకా లేను.

శారద: మేనమామ మధ్యలో లేచి వెళ్లిపోతే వియ్యాలవారు ఏమనుకుంటారు? పిల్లాణ్ని వెనక వరసలో కూర్చోబెట్టు. గట్టిమేళం ఎంతసేపు?

సునీత: గట్టిమేళం నిమిషాలే. దానికి ముందు వీడియో లైట్లు, మల్లెపూలు, సెంట్లు, పట్టుపంచె జరీ, మైకులో పిలుపులు. ఆ తర్వాత వాడు రెండు రాత్రులు నిద్రపోడు, నేనూ నిద్రపోను. మీ తమ్ముడు ఆ కాసేపు గదిలో ఉంటే మాకు ఆ రెండు రాత్రులు మిగులుతాయి. వియ్యాలవారికి మీరు చెప్పొచ్చు, మేనల్లుడికి చప్పుడు పడదు, మా తమ్ముడు వాడి దగ్గరున్నాడని. దాచాల్సిందేముంది?

శారద: చెబుతాను. కానీ నా భయం వేరే. ఇవాళ గదిలో దాస్తావు, చెవులకి హెడ్‌ఫోన్లు పెడతావు. పదిహేనేళ్లకి కాలేజీ హాస్టల్లో ఎవరు దాస్తారు? వాడకపోతే కాళ్లే నడక మర్చిపోతాయి, చెవులెంత. నువ్వు తప్పించినకొద్దీ వాడి లోకం చిన్నదైపోతుంది. ఈ మాట మాత్రం నేను వదలను.

సునీత: వదలొద్దు. ఆ భయం నాకూ ఉంది. హెడ్‌ఫోన్లు రోజంతా పెడితే చప్పుడు ఇంకా పడకుండా పోతుందని థెరపీ ఆవిడా చెప్పింది. అందుకే బస్సులోనూ, టపాకాయల రోజునా తప్ప పెట్టం. అలవాటు చెయ్యాలి, అదీ నిజమే. కానీ వాడి చేతిలో మీట ఉండేలా చెయ్యాలి. చెయ్యి పట్టుకుని మండపం మధ్యలో కూలేస్తే వాడు నేర్చుకునేది భయమే. మీ చిన్నాన్నగారి అబ్బాయికి కాళ్లు పట్టి లాక్కొచ్చి అలవాటు చేశారుగా, పెళ్లిళ్లకి వస్తున్నాడా?

శారద: రావడం లేదు... సన్నాయి మేళం వాళ్లు మా ఊరివాళ్లే. పెళ్లికి ముందురోజు సాయంత్రం మా వీధి గుళ్లో వాయిస్తారు. అభిని నేను తీసుకెళ్తాను. గుడి బయట, రావిచెట్టు దగ్గర నిలబడతాం. వాడు దగ్గరికెళ్దామంటే వెళ్తాం, ఇంటికెళ్దామంటే వచ్చేస్తాం.

సునీత: మీరొక్కరే?

శారద: నేనొక్కదాన్నే. నువ్వు ఆ సాయంత్రం స్వాతితో కూర్చుని గోరింటాకు పెట్టించుకో. పెళ్లయ్యాక ఫాల్గుణంలో వచ్చి పదిహేను రోజులుంటాను. పార్కుకి నువ్వూ తమ్ముడూ కలిసే వెళ్లండి. వాడి పద్ధతులన్నీ నాకు కాగితం మీద రాసివ్వు.

సునీత: రాసిస్తాను. వదినా, ఇంకోటి. చట్టం కూడా మాలాంటి వాళ్లని లెక్కలోకి తీసుకోలేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాలున్నాయి, ఆటిజం ఉంది, అభికున్నది లేదు. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే తల్లులకి పిల్లల కోసం 730 రోజుల సెలవుంది, నాలాంటి ప్రైవేటు ఉద్యోగులకి అదీ లేదు. సర్టిఫికెట్టూ సెలవూ లేనివాళ్లకి మిగిలింది ఇంట్లో మనుషులే.

శారద: ఆ ఇంట్లో మనుషుల్లో నన్ను రాసుకో. కానీ చెవుల్లో అవి పెట్టుకోవడం నాకిప్పటికీ నచ్చలేదు.

సునీత: నచ్చకపోయినా పర్లేదు. వాడి ఏడుపు పూట ఒక్కరే ఉండి చూశాక చెప్పండి.

ఈ వాదనలో నేను సునీత పక్షం. తల్లి నిద్ర, తల్లి చెవులు, తల్లి ఒంటరిగా కూర్చునే ఆ కాస్త సమయం, ఇవన్నీ బిడ్డ వైద్యంలో భాగమే. అయితే శారద పట్టుకున్నది కూడా గట్టి విషయమే. వాడి సంగతి నాకొక్కదానికే తెలుసని తల్లి తలుపు వేసుకుంటే ఆ విశ్రాంతి ఎప్పటికీ దొరకదు. తలుపు తెరవాలంటే అవతల నేర్చుకోవడానికి సిద్ధపడ్డ మనిషి ఉండాలి. అందుకే ఈ విన్నపం తల్లులకి కాదు, వాళ్ల చుట్టూ ఉన్న అత్తలకి, ఆడపడుచులకి, బాబాయిలకి, తాతయ్యలకి. మీ బంధువుల్లో ఇలాంటి బిడ్డ ఉంటే ఆ తల్లికి ఓర్పు గురించి చెప్పకండి. నిన్ను నువ్వు చూసుకోమనీ చెప్పకండి, చూసుకునే వీలు ఆమెకి లేదు. రెండు మూడు సార్లు ఆమె ఇంట్లో ఉండగానే వెళ్లి కూర్చోండి, వాడికి ఏది పడదో అడిగి రాసుకోండి. తర్వాత వారంలో ఒక సాయంత్రం వాణ్ని మేం చూసుకుంటామని చెప్పండి. చెప్పిన వారం తప్పకుండా వెళ్లండి.